చెరువుగట్టుపై ఛాయాగ్రాహకులు



నేడు నేనొక నూతనవిధమైన యాత్రను గూర్చి చెప్పదలచితిని. యాత్ర యన్నంతనే మనకు కాశియు, రామేశ్వరమును, శ్రీశైలమును జ్ఞప్తికి వచ్చును. దారియు సత్రములును ఎరిగిన పెద్ద యొకడు ముందు నడచుటయు, పదిమంది మూటలతో అతని వెంట పోవుటయు మన తాతలనాటి పద్ధతియే. ఇప్పుడు నేను చెప్పు యాత్రలోను ముందొక పెద్ద యుండును. వెనుక పండ్రెండుగురో పదునైదుగురో యుందురు. మూటలకు బదులు వారి భుజములకు కెమెరాలు వ్రేలాడుచుండును. వారు పోవునది కోవెలకు గాదు; కొండకు, కోనకు, చెరువునకు, సముద్రతీరమునకు. తెల్లవారుటకు రెండు గడియల ముందే లేచి, చీకటిలో నడచి, ఒకచోట నిలిచి, వెలుతురు కొరకు ఎదురుచూతురు. పగలు గురువు బోధించును. రాత్రి భోజనానంతరము ఎవరి చిత్రములు వారు తెరపై చూపగా, అవధానసభలో పృచ్ఛకులవలె తక్కినవారు ప్రశ్నలు వేసి గుణదోషములను విచారింతురు. దీనికై రుసుము చెల్లింతురు. ఎంత యని యడుగకుడు. కొంగను చూచుటకు అంత సొమ్మా యని మా యింట నవ్విరి.

ఇట్టి యాత్రలు మన జిల్లాలలోను జరుగుచున్నవి. రేపు మీ చెరువుగట్టునకును ఒక బృందము రావచ్చును. వచ్చినవారి నేమి యడుగవలెను, వారికేమి చెప్పవలెను అనునది గ్రామపెద్దలు ముందుగా ఆలోచించుకొనవలసిన విషయమని తోచుటచేతనే నేనీ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

ఛాయాగ్రహణవిద్య లోకమునకు వెల్లడియైనది 1839లో. మొదట దాని పరికరములను మోయుటయే పెద్దపని. సామ్యూలు బోర్ను అను ఆంగ్లేయుడు 1863 మొదలు 1866 వరకు హిమాలయములలో మూడు పర్యాయములు తిరిగి చిత్రములు తీసెను. ఆనాడు గాజుపలకకు మందుపూత పూసి, తడి ఆరకమునుపే చిత్రము తీసి, అక్కడికక్కడే కడుగవలసియుండెను. కావున గాజుపలకలను, మందుసీసాలను, చీకటిగుడారమును మోయుటకు పదులకొలది కూలీలు అతని వెంట నడచిరి. నలుగురిని వెంట తీసికొనిపోయి ప్రకృతి నడుమనే పాఠము చెప్పు పద్ధతి తరువాతిది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున యోసెమిటి యను గొప్ప లోయ కలదు. ఆన్సెల్ ఆడమ్స్ అను ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు 1940లో అచట అట్టి శిక్షణము నడపెను. 1955 మొదలు చాలకాలము అది ఏటేట జరిగెను. ఆయన 1984లో గతించెను గాని, ఆ పద్ధతి దేశదేశములకు వ్యాపించినది. ఆ చరిత్ర యింతటితో చాలును.

పదవ తరగతిలో నావద్ద తెలుగు చదివిన శిష్యుడొకడు ఇప్పుడిట్టి యాత్రలకు నాయకుడై యున్నాడు. మొన్నటి మాఘమాసమున అతడు మా యింటికి వచ్చి, "అయ్యవారూ, మా బృందములోనివారికి కెమెరా తెలియును గాని చెట్టుపేరు, పిట్టపేరు తెలుగులో తెలియవు. మూడు దినములు మాతో రండి" అని పిలిచెను. పింఛను పుచ్చుకొని యింట కూర్చున్నవాడికి ఇట్టి పిలుపు వచ్చుట అరుదు. ఊతకఱ్ఱయు, కంబళియు, చిరకాలముగా పెట్టెలో పడియున్న దుర్భిణియు తీసికొని బయలుదేరితిని.

మొదట పోయినది నేలపట్టు. నాయుడుపేటకును సూళ్లూరుపేటకును నడుమ, దొరవారిసత్రమునకు చేరువ నున్నది. చూచుటకు మన ఊళ్లలోని చెరువువంటి చెరువే. నీటిలోనే నీటికడప చెట్లు గుబురుగా పెరిగియున్నవి. ఆ చెట్లనిండ గూళ్లు. గూళ్లలో గూడబాతులు. వానిని మూడు నాలుగు నెలలపాటు అచటనే యుండి పిల్లలను పెంచుకొనిపోవు చుట్టములని చెప్పవచ్చును. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు కూడ కలవు. బృందములోని పట్టణవాసులందరును ఆ పెద్దపక్షిని ఇంగ్లీషుపేరుతో పిలుచుచుండిరి. గూడబాతు అను పేరు చెప్పగా, గూడ యనగా నేమని ఒక అమ్మాయి యడిగెను. పూర్వము కాలువలోని నీటిని ఇరువురు చెరియొక ప్రక్క నిలిచి తాళ్లతో ఊపుచు చేనికి ఎత్తిపోసెడి బుట్టయే గూడ. ఆ పక్షి ముక్కు క్రింద వ్రేలాడు సంచిని నీటిలో ముంచి, నీరు విడిచి, చేపను నిలుపుకొనుటను అప్పుడే ఎదుట చూచుచున్నారు. ఆ పేరు పెట్టిన రైతు ఎవడో గాని, నిఘంటుకారు లెవరును అంతకంటె బాగుగా పెట్టజాలరని చెప్పితిని. ఆ యమ్మాయి వెంటనే ఆ మాటను పుస్తకములో వ్రాసికొనెను.

తూర్పు తెల్లవారుచుండగా గట్టుపై పాఠము మొదలాయెను. నా శిష్యుని బోధన నేను శ్రద్ధగా వింటిని. ముప్పదియేండ్లు బోధించినవానికి మరియొకని బోధన వినుట ఒక పరీక్షవంటిది. అతడు పెద్దమాటలతో ప్రారంభింపలేదు. చెరువు తూమును చూపి, "పొలమునకు నీరు పెట్టునపుడు తూమును ఎంత వెడల్పుగా తెరచితిమి, ఎంతసేపు తెరచితిమి అను రెండే కదా లెక్క" అనెను. కెమెరాకును అంతియే. లోపలికి పారునది నీరు గాదు, వెలుతురు. కటకమునందలి రంధ్రము తూము. తెర తెరచియుండు కాలము నీరు పారు కాలము. ఇక చేను తడినేలయైనచో కొంచెము నీరే చాలును, బీటలు వారిన నేలయైనచో ఎక్కువ కావలెను. కెమెరాలో వెలుతురును గ్రహించు పలకను గూడ అట్లే తక్కువ వెలుతురుతో సరిపెట్టుకొనునట్లు మార్చుకొనవచ్చును. ఎగురు పక్షిని పట్టవలెనన్న కాలము మిక్కిలి తగ్గింపవలెను. సెకండులో వేయవ భాగమైన చాలును. కాలము తగ్గినచో తూము వెడల్పు చేయక తప్పదు. కదలని కొండనైనచో రంధ్రమును చిన్నది చేసి, ముక్కాలిపీటపై కెమెరాను నిలిపి, ఎంతసేపైనను తెరచి యుంచవచ్చును. రంధ్రము చిన్నదైనకొలది దగ్గరిదియు దూరపుదియు రెండును స్పష్టముగా వచ్చును. చత్వారము వచ్చిన మనవంటివారు పంచాంగము చదువునపుడు కండ్లు చికిలించుట లేదా? ఆ చికిలించుటయు రంధ్రమును చిన్నది చేయుటయే.

తెల్లవారుజాముననే యేల పోవలెనని నేనడిగితిని. దానికతడు రెండు కారణములు చెప్పెను. సూర్యుడు దిగంతమున నున్నపుడు కిరణములు గాలిలో చాలదూరము ప్రయాణము చేసి వచ్చును; ఆ దారిలో నీలిరంగు చెల్లాచెదరై పోవును, ఎరుపును పసుపును మిగులును. అది యొకటి. రెండవది నీడ. ఈ రెండవ కారణమును బోధించుటకు నేనొక ఉపమానము నందించితిని. తాళపత్రముపై గంటముతో వ్రాసిన అక్షరమును, మసి పూయకమునుపు, నేరుగా చూచినచో ఏమియు కనబడదు. వెలుతురునకు ఏటవాలుగా పట్టినచో ప్రతి గీటును కనబడును. కొండయు అంతే. నడిమధ్యాహ్నపు ఎండలో అది సున్నము కొట్టిన గోడవలె చదునుగా నుండును. ఉదయపుటెండ ప్రక్కనుండి పడగా దాని మడతలన్నియు అక్షరములవలె పైకి లేచును. మా బృందములో తాళపత్రమును చూచినవారు ఇద్దరే.

తెల్లకొంగను తీయుట మరియొక చిక్కు. వెనుక చీకటిగా చెట్లగుబురు ఉన్నప్పుడు కెమెరా ఆ చీకటికే లెక్కకట్టి వెలుతురును ఎక్కువగా లోనికి విడుచును. కొంగ ఈకల గీతలన్నియు చెరిగి సున్నపుముద్దయగును. అట్టిచో మనమే వెలుతురును తగ్గింపవలెను. చిత్రము నిండ తెల్లదనమే యున్నప్పుడు దానికి విరుద్ధముగా చేయవలెను. యంత్రము లెక్క వేయును గాని కొంగ తెల్లనిదని దానికి తెలియదు.

ఆ గట్టుపై రెండు గంటలు నిలిచితిమి. ఒక్కొకరు వందలకొలది చిత్రములు తీసిరి. నా శిష్యుడు మాత్రము తీసినవి నాలుగో అయిదో. నేలపట్టు ప్రభుత్వపు అభయారణ్యము. అటవీశాఖవారి కావలియు, చూచుటకు ఎత్తైన మంచెయు కలవు. ఎక్కడ నిలువవలెనో అచటివారు ముందే నిర్ణయించియుండుటచేత మాకు చిక్కేమియు లేకపోయెను.

రెండవనాడు పులికాటు సరస్సునకు పోయితిమి. ఇది ఆంధ్రదేశమునకును తమిళనాటికిని నడుమ నున్న ఉప్పుకయ్య. మన దేశమున చిలుక సరస్సు తరువాత ఇట్టివానిలో ఇదియే పెద్దది. సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు మార్గము ఈ నీటిని చీల్చుకొని పోవును. ఆ యుదయము మంచు దట్టముగా పట్టి నీరెక్కడో ఆకాశమెక్కడో తెలియలేదు. బృందములోనివారు విసుగుకొనిరి. నాకు మాత్రము తృప్తిగానే యుండెను. ఏలయన మంచు కొంచెము విడగానే నీటిపై కాళ్లు మాత్రమే మొదట కనబడినవి, పిమ్మట శరీరములు, చివరకు మెడలు. జనులు రాజహంసలని పిలుచు ఎఱ్ఱకాళ్ల పక్షులు, ఫ్లెమింగోలు.

ఇచట పండితుల తగవొకటి కలదు. మన కవులు వర్ణించిన రాజహంస యేది? హిమాలయములను దాటి వచ్చు పట్టెతల బాతు అని కొందరందురు. అమరసింహుడు మాత్రము తెల్లని దేహమును, ఎఱ్ఱని ముక్కును, ఎఱ్ఱని పాదములును రాజహంసకు లక్షణముగా చెప్పియున్నాడు. ఆ లక్షణము పులికాటున నా కండ్లయెదుట నిలిచియుండెను. అంతేకాదు, ఈ పక్షి తలను తలక్రిందుగా నీటిలో ఉంచి, దువ్వెనవంటి ముక్కంచులతో నీటిని వడగట్టి అందలి సూక్ష్మజీవులను మాత్రము నిలుపుకొనును. పాలను నీటిని వేరుచేయునన్న కవుల మాటకు మూలము దీనిని చూచిన వాని కన్నేమో యని నాకు తోచినది. ఇది నా ఊహయే గాని నిర్ణయము గాదు. పండితులు కోపింపకుందురు గాక. ఆనాడు మంచులో ఒక అరగంట మాత్రమే వెలుతురు నిలిచెను.

మూడవనాటి సంగతి చెప్పుటకే ఇంతదూరము వచ్చితిని.

ఆనాడు పోయిన ఊరు అభయారణ్యము కాదు. దాని పేరు నేను చెప్పను. చెప్పినచో రేపే పది కార్లు అచటికి పోవును. ఊరి చెరువులోని తుమ్మచెట్లపైనను, గట్టు చివరనున్న చింతలపైనను గూడబాతులును కొంగలును గూళ్లు పెట్టుకొన్నవి. అటవీశాఖ కావలి లేదు, మంచె లేదు. ఉన్నవాడు నీరుగంటి యొక్కడు. డెబ్బదియేండ్లవాడు, పలుచని మనిషి. నా శిష్యుడు కార్లను ఊరిలోనే నిలిపి, ముందుగా పెద్దలను చూచి, పిమ్మట నీరుగంటిని చూచెను. ఆ ముసలివాడు మా పరికరముల నన్నిటిని తేరిపార జూచి యిట్లనెను:

"రావిచెట్టు దాకా రాండి నాయనా. ఆడ దాటి అడుగు పెట్టబాకండి. పిల్లలకింకా ఈకలు రాలా. తల్లి లేచిపోతే కాకులు కాసుక్కూర్చోనుండాయి."

రావిచెట్టునుండి గూళ్లు నూరు బారలకు పైగా నుండును. పొడుగు కటకములున్నవారికి అది చాలును. చిన్న కెమెరాలవారి ముఖములు చిన్నబోయినవి. నా శిష్యుడు వారినుద్దేశించి, "పక్షి చిన్నదిగా వచ్చినచో చెరువు పెద్దదిగా వచ్చును. ఈ దినము చెరువును తీయుడు" అనెను. నిజమే, ఆనాటి చిత్రములలో గట్టు, గడ్డిమోపుతో పోవు స్త్రీ, దూరముగా చెట్లపై తెల్లని చుక్కలవలె పక్షులు, అన్నియు కలిసి ఊరిని చూచినట్లుండెను. నిండుముఖముగా తీసిన పక్షికంటె నాకు అవియే నచ్చినవి.

పదిగంటలవేళ రెండు కార్లలో వేరొక బృందము వచ్చినది. వారు ఊరిలో ఆగలేదు. తిన్నగా గట్టుమీదికే వచ్చిరి. రావిచెట్టును దాటి చింతల క్రిందికి పోయిరి. పక్షులు గూటిలో కూర్చున్న చిత్రములు వారికి వెనుకటి చోటులలో చాల దొరికెనేమో, ఎగురు చిత్రము కావలసివచ్చినది. వారిలో ఇరువురు చేతులెత్తి చప్పట్లు కొట్టి కేకలు వేసిరి.

ఒక్కమారుగా చెరువంతయు లేచినట్లాయెను. వందల రెక్కల చప్పుడు. ఎండలో ఆ తెల్లదనము, క్రింద నీటిలో దాని నీడ. చూచినవానికి ఒడలు పులకరించు దృశ్యమే, నేను కాదనను. అంతలో దుర్భిణి గూళ్లవైపు త్రిప్పితిని. గూడబాతు పిల్ల పుట్టినపుడు దానికి ఈకగాని నూగుగాని యుండదు. కొన్ని దినముల వరకు ఒట్టి తోలుముద్ద. తల్లియో తండ్రియో పైన కూర్చుండి నీడ పట్టవలెను. నీడ తొలగినచో ఎండ, రక్షణ తొలగినచో కాకి. నేను చూచుచుండగనే నాలుగు గూళ్లపై కాకులు వ్రాలెను. ఒక కాకి ఏదియో ముక్కున కరచుకొని పోయెను. గ్రుడ్డో పిల్లయో తెలియలేదు. బెదరి గూటి అంచునకు ప్రాకిన పెద్దపిల్ల యొకటి నీటిలో పడెను. పెద్దపక్షులన్నియు తిరిగి దిగుటకు అరగంటకు పైగా పట్టినది.

నీరుగంటి అరవలేదు. మెల్లగా నడచి పోయి వారికిని చింతలకును నడుమ నిలిచి, రెండుచేతులు జోడించి, "పొండి సామీ" అని మాత్రమనెను. వారు పోయిరి. మరల రావిచెట్టు క్రిందికి వచ్చి కూర్చుండి, "పిట్టలు మాయి గాదు అయ్యవారూ, చెరువుయి. చెరువు మాది" అని నాతో అనెను.

ఆ రాత్రి తెరపై చిత్రములను చూచునపుడు ఒక చిక్కు వచ్చినది. ఆ పక్షులు లేచిన క్షణమున మా బృందములోని యువకుడొకడు, చేయి అలవాటున, మీట నొక్కియుండెను. మూడుదినముల చిత్రములన్నిటిలో అదియే అందమైనది. గదియంతయు ఒక నిమిషము నిశ్శబ్దమాయెను. పిమ్మట వాదము. "మనము లేపలేదు కదా, తీసినచో తప్పేమి" అని కొందరు. "దానిని నలుగురికి చూపినచో, చూచినవారందరును అట్టిదే కోరుదురు, కోరినచో మరల చప్పట్లు కొట్టుదురు" అని కొందరు. నా శిష్యుడు తీర్పు నాకు వదలెను.

నేను చెప్పినదిది. మన యలంకారశాస్త్రమున ఔచిత్యమను మాటకు పెద్ద స్థానము కలదు. క్షేమేంద్రుడు దానిని గూర్చి ఒక గ్రంథమే రచించెను. ఒక పదము తనంతట అందముగా నుండవచ్చును. చోటు తప్పినచో కావ్యమును చెరచును. ఈ చిత్రమును గోడకు వ్రేలాడదీసి అందము అనుటకు చోటు లేదు, ఏలయన ఆ క్షణమున కాకులేమి చేసెనో మనమెరుగుదుము. కాని దీనికి వేరొక చోటు కలదేమో చూడుడు. అని నేను చిత్రము అడుగుభాగమును చూపితిని. అందు గట్టుపై చేతులెత్తి నిలిచిన మనుష్యులు ఇరువురు చిన్నగా, ముఖములు తెలియకుండ, కనబడుచుండిరి. పై మూల ఒక కాకి గూటిపై వ్రాలుచుండెను. ఇది అందమునకు గాదు, సాక్ష్యమునకు పనికివచ్చును అంటిని. ఆ యువకుడు దానిని పెద్దకాగితముపై అచ్చువేయించి ఆ ఊరికి పంపెను.

ఇందు చట్టము మాట గూడ చెప్పవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేట అను మాటకిచ్చిన అర్థములో తుపాకియు వలయు ఉచ్చును మాత్రమే లేవు. పక్షుల గ్రుడ్లను గూళ్లను కలతపెట్టుటయు ఆ చట్టము దృష్టిలో వేటయే. ఆ చట్టపు పట్టికలలో చేరిన పక్షుల విషయమున ఇది అభయారణ్యములకే పరిమితము గాదు, ఊరిచెరువునకును వర్తించును. అభయారణ్యములలోనైతే చిత్రములు తీయుటకు ముందుగా అనుమతియు పొందవలెను. కావున చప్పట్లు కొట్టినవాడు తనను కళాకారుడనుకొనినను, చట్టము వానిని వేటగాడనును.

మన చెరువులకు ఈ హక్కు నేటిది గాదు. చెంగల్పట్టు జిల్లాలోని వేడంతాంగల్ గ్రామస్థుల కథ వినుడు. పదునెనిమిదవ శతాబ్దపు తుదిని కుంపిణీ సిపాయిలు వచ్చి వారి చెరువులోని పక్షులను కాల్చుచుండిరి. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పైరునకు ఎరువని అచటి రైతులకు తెలియును. వారు ఆనాటి కలెక్టరైన లయొనెల్ ప్లేసుతో మొఱపెట్టుకొని, ఎవరును పక్షులను చంపకుండ ఒక కౌలు సంపాదించిరి. 1858లో దానిని మరల స్థిరపరచుకొనిరి. పంటకొరకు పక్షిని కాచిరి, పక్షి కొరకు దొరను నిలదీసిరి. మన పక్కననే, చిలమత్తూరు మండలములోని వీరాపురమున, చింతచెట్లపై గూళ్లు పెట్టు ఎఱ్ఱకాళ్ల కొంగలను ఊరివారు తరతరములుగా పురిటికి వచ్చిన ఆడపడుచులవలె చూచుచున్నారు. పిల్ల క్రింద పడినచో తీసి సాకుదురు.

ఛాయాగ్రాహకులందరును ఆ రెండుకార్లవారివంటివారని మీరు తలపవలదు. ఇంగ్లండులో కియర్టన్ సోదరులను ఇరువురుండిరి. 1892లో వారు గ్రుడ్లతో కూడిన పక్షిగూటి చిత్రము తీసిరి. పిమ్మట పక్షి బెదరకుండుటకై, బోలు చట్రముపై ఎద్దుతోలు తొడిగి బొమ్మయెద్దును చేసి, దానిని పచ్చికలో నిలిపి, కెమెరాతో దాని కడుపులో దూరి గంటలకొలది కూర్చుండిరి. నవ్వవచ్చినను, అందలి ఓర్పును చూడుడు. పక్షిని తనకడకు రప్పించుకొనుట వేరు, పక్షిని లేపుట వేరు.

నాయూరి మిత్రుడొకడు, "ఇట్టివారిని అసలు రానీయకుండిన పోదా" అనెను. నేనొప్పుకొనను. చిత్రము తీయువాడు ఊరికొక విధముగా లేఖకుడు. ప్రతి మాఘమాసమున ఒకే చోట నిలిచి ఒకే దిక్కునకు ఒక చిత్రము తీయించి పంచాయతి కచ్చేరిలో ఉంచినచో, పదియేండ్లకు చెరువెంత పూడినదో, చెట్లెన్ని పడినవో, గూళ్లెన్ని తగ్గినవో పిల్లలైనను లెక్కపెట్టగలరు. మన కరణముల లెక్కలలో నీటిమట్టము ఉండెడిది గాని, చెట్టు ఉండెడిది కాదు. వచ్చినవాడు ఊరికొక చిత్రము ఇచ్చి పోవలెనని అడుగుటలో సిగ్గుపడవలసినది లేదు. సొమ్ము అడుగుటయో మానుటయో మీ ఊరి ఇష్టము. నామట్టుకు నాకు చిత్రమే ఎక్కువ విలువగా తోచును.

కాని నిలుచుచోటును ఊరే నిర్ణయింపవలెను, అదియు పక్షులు రాకమునుపే. గూళ్లు పెట్టిన పిమ్మట వాదించుటకు వ్యవధి యుండదు. రావిచెట్టో, తూముకట్టో, పాతరాయో, ఏదైనను కంటికి కనబడు గుర్తు కావలెను. కొలతలు ఎవరును పాటింపరు. నాయకుడు లేని గుంపును గట్టుమీదికి పోనీయవలదు. నాయకుడున్నచో అతడు మొదట ఊరిలోనికి వచ్చి పేరు చెప్పవలెను. ఆకాశమున తిరుగు యంత్రము, డ్రోను అందురు, దానిని పెట్టెలోనే యుంచుమని చెప్పవలెను. పక్షికి అది గ్రద్దవలె తోచును. రాత్రి దీపములు, మెరుపుదీపములు గూళ్లపై వేయరాదు. ఊరిపేరును ఫోనులలో చాటవద్దని గూడ అడుగుడు. ఈ మాటలు విని ముఖము చిట్లించు నాయకునితో మీకు పని లేదు. ముందుగా తానే ఈ మాటలు చెప్పువాడు మంచి గురువు. వాని వెంట మీ మనుమలను గూడ పంపుడు, రుసుము లేకుండ చేర్చుకొమ్మని అడుగుడు. నా శిష్యుడు ఈ సంవత్సరము ప్రతి యాత్రలోను ఆ ఊరి బడిపిల్లలు ఇరువురికి చోటు పెట్టుచున్నాడు.

ఆ పేరు చెప్పని ఊరిలో ఇప్పుడు పద్ధతి యిది. ఎవరు కెమెరాతో వచ్చినను నీరుగంటి వారిని మొదట పంచాయతి కచ్చేరికి తీసికొనిపోయి, గోడకున్న ఆ పెద్దచిత్రము ముందు నిలుపును. దానిలో పక్షులను చూపడు. క్రింద చేతులెత్తిన ఇరువురిని, మూలనున్న కాకిని వ్రేలితో చూపును. పిమ్మట రావిచెట్టు వరకు తోడు వచ్చును. ఈ కార్తికమున గూడబాతులు మరల వచ్చినవనియు, తుమ్మలపై పుల్లలు పేర్చుచున్నవనియు మొన్న నాతో ఫోనులో చెప్పెను. చింతలపై మాత్రము ఇంకను వ్రాలలేదట.

సెలవు.